డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము - పొక్కులవ్యాధి

విద్యార్థులారా! మన నిడదవోలు స్టేషనులో నిలిచి చూచినచో, ఒక రైలుదారి తణుకు, అత్తిలి మీదుగా భీమవరము పోవును. మరియొకటి కొవ్వూరు చేరి, గోదావరి వంతెన దాటి, రాజమహేంద్రవరము పోవును. మొదటి దారిలోని భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన ఒక బాలుడు జన్మించెను. రెండవ దారిలోని రాజమహేంద్రవరమున ఆ బాలుడు బడికి పోయెను. అతడే పిమ్మట ప్రపంచమున కోట్లకొలది రోగుల కుపకరించిన మందులకు కారకులైన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వీరి చరిత్రము పెక్కుమార్లు వ్రాయబడినది. రక్తహీనతకును, బోదకాలునకును, పిల్లల రక్తపు కాన్సరునకును వీరు మందులు కనిపెట్టించిరని మీలో కొందరు చదివియుందురు. నేను వీరి జీవితమును చెప్పుచు, వీరు తమ కృషిలో ఎన్నడును తలపెట్టని ఒక వ్యాధిని గూర్చికూడ చెప్పదలచితిని. అది నోటను, దేహమునను నీటిపొక్కులు లేచి, పగిలి, పుండ్లుపడు వ్యాధి. అట్టి రోగిని చూచి ఇరుగుపొరుగువారు భయపడి దూరముగ తొలగుటయు, అతని చెంబును కంచమును వేరుగ నుంచుటయు కలదు. ఆ భయము ఎంత నిష్కారణమో ఈ కథ తుద ముట్టునప్పటికి తెలియగలదు.

సుబ్బారావుగారి తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. ఏడుగురు బిడ్డలలో వీరు నాలుగవవారు. తండ్రి అనారోగ్యముచే ఉద్యోగము ముందుగనే విడువవలసివచ్చెను. కుటుంబము ఇబ్బందుల పాలయ్యెను. బాలునికి చదువుపై మొదట శ్రద్ధ లేకుండెను. పదుమూడేండ్ల వయస్సున, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పారిపోయెను. తల్లి అతనిని వెనుకకు రప్పించి మరల బడిలో చేర్చెను. ఆమె పట్టుదల లేనిచో ఈ వ్యాసమునకు విషయమే ఉండెడిది కాదు. మెట్రిక్యులేషను పరీక్షలో సుబ్బారావుగారు రెండుమార్లు తప్పిరి. మూడవమారు చెన్నపట్టణపు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్షలో ఒకమారు తప్పినంతనే ప్రాణము విసిగిన విద్యార్థులు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక!

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిరి. రామకృష్ణమఠమువారి ప్రభావమున సన్న్యసింపవలెనను కోర్కె వీరికి కలిగెను, తల్లి అంగీకరింపలేదు. అంతట వైద్యమునే సేవామార్గముగ నెంచి చెన్నపట్టణపు వైద్యకళాశాలలో చేరిరి. 1919లో అనపర్తి వాస్తవ్యులగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వీరికి వివాహమయ్యెను. మామగారు వీరి చదువునకు ధనసహాయము చేసిరి. అది స్వదేశోద్యమము సాగుచున్న కాలము. శస్త్రచికిత్సాగృహమున సుబ్బారావుగారు ఖద్దరు అంగీ ధరించుట ఆచార్యునకు కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో బాగుగ వ్రాసినను, పూర్తిపట్టమగు ఎం.బి.బి.ఎస్. వీరికి రాలేదు, ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టము మాత్రమే లభించెను.

ఆ కాలమున వీరి ఇంట మహావిపత్తు సంభవించెను. ఆంగ్లవైద్యులు స్ప్రూ అనియు, మనవారు గ్రహణి అనియు చెప్పు వ్యాధిచే ఇద్దరు సోదరులు కొద్దిదినముల ఎడమున మరణించిరి. తిన్న అన్నము ఒంటబట్టక, విరేచనములచే దేహము శుష్కించి, రక్తము పాలిపోయి మనుష్యుడు కృశించుట ఆ వ్యాధి లక్షణము. సుబ్బారావుగారికిని అదే వ్యాధి తగులగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడిరి. అంతట చెన్నపట్టణపు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రోపన్యాసకులుగ కొంతకాలము పనిచేసిరి. అయినను సోదరులను చంపిన ఆ వ్యాధి మూలమేమో తెలిసికొనవలెనను తపన వీరిని విడువలేదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థవారి సాయము ఆశగాను, మామగారి ధనము ఆధారముగాను చేసికొని, గర్భవతియగు భార్యను పుట్టినింట విడిచి, వీరు అమెరికా దేశమునకు ప్రయాణమైరి. బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరిరి. ఇచ్చటి పట్టముతో అచ్చట వైద్యవృత్తి చేయుటకు వీలులేకపోయెను. కావున ఒక ఆసుపత్రిలో రాత్రివేళల రోగుల మలమూత్రపాత్రలు కడుగు పని చేసి, పగలు చదువుకొనిరి. ఇంతలో ఇంట కుమారుడు జన్మించి శైశవముననే మరణించెను. ఆ బిడ్డను తండ్రి కన్నులార చూడనేలేదు. శేషగిరిగారును భర్తను మరల చూడలేదు. ఏలయన సుబ్బారావుగారు తిరిగి స్వదేశమునకు రాలేదు. గొప్పవారి చరిత్రలు చదువునప్పుడు, వారి వెలకు తోడు ఇంటివారు చెల్లించిన వెలనుకూడ మనము లెక్కింపవలెను.

హార్వర్డులో సైరస్ ఫిస్కు అను ఆచార్యునితో కలిసి సుబ్బారావుగారు 1925లో, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. భాస్వరము కంటికి కనబడదు. దానికి మాలిబ్డినమ్ అను లోహపు లవణమును చేర్చి, మరియొక ద్రవ్యముచే మార్పు కలిగించిన నీలిరంగు పుట్టును. భాస్వరము ఎంత ఎక్కువో నీలిమ అంత చిక్కన. ఆ చిక్కదనమును కొలిచిన భాస్వరము కొలిచినట్లే. కనబడనిదానికి ఒక గుర్తు నంటించి కనబడునట్లు చేయుట దీని కీలకము. ఈ మాటను దయచేసి మరువకుడు; మరల దీనితో పని కలదు. ఫిస్కు-సుబ్బారావు పద్ధతి అను పేర నిది ప్రపంచపు ప్రయోగశాలలన్నిట వ్యాపించెను. దీని సాయముననే వారిరువురు 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును ప్రకటించిరి. మన దేహములోని ప్రతి కణమునకు శక్తి నందించు చెల్లుబడి నాణెమే ఈ ఏ.టి.పి. అదే కాలమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దీనిని కనుగొనెను.

ఇంత చేసినను హార్వర్డులో వీరికి శాశ్వతోద్యోగము దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరు గ్రామమున లెడర్లీ ప్రయోగశాలలో చేరి పరిశోధనలకు పెద్దలైరి. అచ్చటి ఎనిమిదేండ్లలో వీరి నాయకత్వమున జరిగిన పని అపారము. కాలేజమునందును ఆకుకూరలందును స్వల్పముగ నుండు ఫోలిక్ ఆమ్లమును 1945లో వీరి సహచరులు ప్రయోగశాలలోనే తయారుచేసిరి. గ్రహణిరోగుల రక్తము బాగుపడుట కది దివ్యౌషధమయ్యెను. ఈ విధముగ సోదరుల ప్రాణములు తీసిన వ్యాధికి మందు దొరికెను; కాని సోదరులకు కాలము మించిపోయెను. డెబ్బదేండ్లు దాటిన వృద్ధశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గరుగారు వీరి ఆధ్వర్యమున మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును కనుగొనిరి. టెట్రాసైక్లిన్ వంశమున మొదటిది అదియే. మన డెల్టావాసులకు చిరపరిచితమగు బోదకాలు క్రిములను చంపు హెట్రజాన్ మందును అచ్చటనే పుట్టెను. దాని మాత్రలనే ప్రభుత్వమువారు తరువాతి కాలమున ఇంటింట పంచిరి.

ఇక మన కథకు ముఖ్యమగు మందు వేరొకటి కలదు. ఫోలిక్ ఆమ్లమునకు అచ్చముగ పోలికగల పదార్థములను వీరి సహచరులు తయారుచేసిరి. మన రైతులకు తాలుగింజ తెలియును: పైకి ధాన్యమువలెనే యుండును, లోపల బియ్యముండదు. అట్లే ఈ పదార్థములను కణము ఫోలిక్ ఆమ్లమని భ్రమించి గ్రహించును, కాని వృద్ధిపొందలేదు. వేగముగ పెరుగు కణములకు ఈ మోసము ఎక్కువగ తగులును. వీనిలో అమినాప్టెరిన్ అనుదానిని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపు కాన్సరుగల 16 మంది బిడ్డలకిచ్చి చూడగా, 10 మందికి తాత్కాలికముగనైనను గుణము కనబడెనని 1948 జూనులో ప్రకటించెను. దాని సోదరమందే మెథోట్రెక్సేట్.

ఆ సంవత్సరము ఆగస్టులోనే, 53 ఏండ్ల వయస్సున, సుబ్బారావుగారు నిద్రలో మరణించిరి.

వారు మరణించునాటికి పొక్కులవ్యాధుల స్థితి ఎట్లుండెనో చూతము. పెంఫిగస్ అను వ్యాధి వచ్చినవారిలో అధికసంఖ్యాకులు మరణించుచుండిరి. కారణ మెవ్వరికిని తెలియదు. 1943లో పారిసు వైద్యుడు సివాట్ సూక్ష్మదర్శినితో చూచి, ఈ వ్యాధిలో చర్మపు కణములు ఒకదానినొకటి విడిచిపోవుచున్నవని మాత్రము చెప్పెను. 1953లో వాల్టరు లీవరు అను వైద్యుడు, సుబ్బారావుగారు పూర్వము పనిచేసిన బోస్టను నగరముననే, పొక్కులవ్యాధులు ఒకటి కావనియు, వృద్ధులకు వచ్చు బుల్లస్ పెంఫిగాయిడ్ వేరనియు విడదీసి చూపెను. మొదటిది ఇటుకలమధ్య అడుసు సడలి గోడ విడిపోవుట వంటిది. రెండవది గోడమీది సున్నపుపూత యావత్తు పెచ్చుగ ఊడి లేచుట వంటిది. అడుసును పూతను సడలించుచున్నదెవరు? ఇదియే ప్రశ్న.

దానికి సమాధానము 1964లో వచ్చెను. మన రక్తమున ప్రతిరక్షకములను పదార్థములు కలవు. అవి ఊరి తలారులవంటివి. బయటనుండి వచ్చిన రోగక్రిములను పట్టుకొనుట వాని పని. కొందరియందు ఈ తలారులు దారితప్పి ఇంటివారినే దొంగలని పట్టుకొందురు. అట్టివానిని స్వీయ ప్రతిరక్షకములందురు. బఫెలో నగరమున బ్యూట్నరు, జోర్డను అను శాస్త్రజ్ఞులు పెంఫిగస్ రోగుల రక్తములో వీనిని కనుగొనిరి. ప్రతిరక్షకము కంటికి కనబడదు గనుక, దానికి మెరయు రంగునొకదానిని అంటించిరి. అతినీలకాంతిలో చూడగా, చర్మకణముల చుట్టును ఆకుపచ్చని వల పరచినట్లు కనబడెను. కొలది సంవత్సరములకే పెంఫిగాయిడులో వలకు బదులు, పైచర్మమునకును లోచర్మమునకును నడుమ ఒక సన్నని పచ్చగీత కనబడెను. నీలిరంగుతో భాస్వరమును చూపిన ఉపాయమునకు ఇది జ్ఞాతియే కదా!

అయినను ఆ గీత ఏ పొరలోనిదో సామాన్య సూక్ష్మదర్శిని చెప్పలేకపోయెను. వెలుతురుతో చూచు యంత్రము మిల్లీమీటరులో సుమారు 5,000వ వంతుకంటె చిన్నవానిని విడదీసి చూపలేదు. కాని చర్మపు రెండు భాగములను కలుపు ఆధారపొరలోని తేటపొర మందము మిల్లీమీటరులో సుమారు 30,000వ వంతు మాత్రమే. ఇచ్చటనే ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఉపకరించెను. బెర్లినులో ఎర్నెస్టు రుస్కా, మాక్సు నోల్ అనువారు 1931లో దానికి నాంది పలికిరి. వెలుతురునకు బదులు ఎలెక్ట్రానులను, గాజు కటకములకు బదులు అయస్కాంతములను వాడు యంత్రమిది. రోగి చర్మపు చిన్నతునకను గట్టిజిగురులో పోతపోసి, వెంట్రుక మందములో సుమారు 1,000వ వంతు పలుచగ గాజుకత్తితోనో వజ్రపుకత్తితోనో కోసి, గాలిలేని గొట్టములో నుంచి చూతురు.

ఆ యంత్రమునకుకూడ ప్రతిరక్షకము తనంతట స్పష్టముగ కనబడదు. కావున బరువైన గుర్తు నంటింపవలెను. 1959లో సింగరు అను శాస్త్రజ్ఞుడు ఇనుము కలిగిన ఫెరిటిన్ అను పదార్థమును ప్రతిరక్షకమునకు కట్టెను. 1971లో ఫాల్కు, టైలరు అనువారు సన్నని బంగారు రేణువులను వాడిరి. ఇనుమైనను బంగారమైనను ఎలెక్ట్రానుల దారికి అడ్డుపడును. అందుచే చిత్రమున నల్లని చుక్కగ పడును. ఆ చుక్క ప్రతిరక్షకము కాదు; దానికి కట్టిన గంట వంటిది. ఆవు కనబడకున్నను గంట వినబడినచోట ఆవున్నదని మనము గ్రహింపమా?

ఇట్లు చూడగా పెంఫిగస్‌లో గుర్తులు కణముల పైతలమునను, కణములను కలుపు డెస్మోసోమ్ అను బొత్తముల చెంతను నిలిచినవి. పెంఫిగాయిడులో తేటపొరయందును, పైచర్మపు అడుగుకణములను ఆధారపొరకు బిగించు కొక్కెముల చెంతను నిలిచినవి. ఎపిడెర్మోలిసిస్ బుల్లోసా అక్విజిటా అను మూడవ వ్యాధిలో ఇంకను క్రిందికి, చిక్కనిపొర అడుగున లంగరుత్రాళ్లవంటి పోగులున్నచోట నిలిచినవి. పైకి చూచిన మూడింటను పొక్కే! రెండవదానిని మూడవదానిని పేరుపొందిన వైద్యుడైనను కంటితో విడదీయుట కష్టము. కాని మూడవది మచ్చలు మిగిల్చి, మందులకు సులభముగ లొంగనిది. సరియైన పేరు తెలియనిచో సరియైన చికిత్స లేదు. ఖరీదైన యంత్రము ప్రతి ఆసుపత్రిలో నుండదు. అయినను అది నేర్పిన పాఠమునుబట్టి చర్మపుతునకను ఉప్పునీటిలో నానబెట్టి తేటపొరవద్ద రెండుగ చీల్చి, పచ్చని మెరుపు పైకప్పున నిలిచినదా, నేలన నిలిచినదా అని చూచు సులభపరీక్ష ఏర్పడెను.

ఇప్పుడు సుబ్బారావుగారి వద్దకు మరల వత్తము. దోషము క్రిమిది కాదు, దారితప్పిన ప్రతిరక్షకములది అని తెలిసిన పిమ్మట, వానిని పుట్టించు కణముల వేగమును తగ్గించు మందులకై వైద్యులు వెదకిరి. 1950 ప్రాంతమున వచ్చిన స్టెరాయిడులు ప్రాణములు నిలిపినవి. కాని అధికముగ వాడినచో ఎముకలను బోలుచేసి, మధుమేహమును తెచ్చి, వేరు వ్యాధులకు తలుపు తెరచినవి. వాని మోతాదు తగ్గించుటకై లీవరు మొదలగువారు 1960-70 నడుమ పెంఫిగస్‌లో మెథోట్రెక్సేట్ నుపయోగించిరి. భీమవరపు బాలుని నాయకత్వమున పుట్టిన తాలుగింజయే అది! ఆరియోమైసిన్ వంశమున 1967లో వాడుకకు వచ్చిన డాక్సీసైక్లిన్‌ను బ్రిటను, జర్మనీ వైద్యులు పెంఫిగాయిడు రోగులకిచ్చి చూచి 2017లో ఫలితములు ప్రకటించిరి. ఆరువారములకు పొక్కులు అదుపులోనికి వచ్చినవారు స్టెరాయిడుతో నూటికి 91, డాక్సీసైక్లిన్‌తో నూటికి 74. కాని ఏడాదిలో తీవ్రమైన దుష్ఫలితములు డాక్సీసైక్లిన్ వారిలో సుమారు సగమే. వృద్ధరోగులకు ఇది స్వల్పలాభము కాదు.

అత్యుక్తి పలుకరాదు. నేడు పెంఫిగస్‌కు రిటుక్సిమాబ్ అను కొత్తమందు ప్రధానముగ వాడుచున్నారు. మెథోట్రెక్సేట్ తోడుమందు మాత్రమే. అదియు వైద్యుని కనుసన్నల, వారమున కొక్కమారే ఇయ్యవలసినది. దినదినము మ్రింగినచో ప్రాణాపాయకరము. అయినను అది చవుకయైన మందు. బీదరోగికి అందుబాటులో నుండునది.

తల్లిదండ్రులు ముఖ్యముగ గ్రహింపవలసిన దొకటి కలదు. ఈ వ్యాధులు స్వీయ ప్రతిరక్షకములవలన పుట్టునవి గనుక ఒకరినుండి ఒకరికి అంటవు. రోగిని తాకినను, అతనితో కూర్చుండి భుజించినను ముప్పు లేదు. నోటిలో మానని పుండ్లు, ఒంట పదేపదే లేచు పొక్కులు కనబడినచో, ఆకుపసరులతో కాలము గడపక, చర్మవైద్యుని చూడవలెను. పొక్కులన్నియు ఈ జాతివి కావు. అంటు పొక్కులును కలవు. ఏది ఏదియో నిర్ణయించుట వైద్యుని పని. రోగిని వెలివేయుట ఎవ్వరి పనియు కాదు.

సుబ్బారావుగారి పేర 1953లో ఒక బూజుజాతికి సుబ్బారోమైసెస్ అని పేరిడిరి. 1995లో మన ప్రభుత్వమువారు తపాలబిళ్ల వెలువరించిరి. వారు బ్రతికియున్నపు డింత గౌరవము పొందలేదు. పెంఫిగస్ మూలమగు ప్రతిరక్షకములను లోకము మొట్టమొదట చూచునప్పటికి వారు పోయి 16 ఏండ్లయ్యెను. తమ మందు ఆ రోగుల కుపకరించునని వారు కలనైన తలపలేదు. కాలువకు నీరు విడుచువాడు ఏ చేను తడియునో అన్నిటిని చూడబోడు. తలుపెత్తుటయే అతని పని. బాలబాలికలారా! మీలో ఒకరు ఈ సంవత్సరము పరీక్షలో తప్పియుండవచ్చును. మరియొకరు ఇంటిలో రోగినిజూచి దుఃఖించుచుండవచ్చును. భీమవరము పోవు రైలు కూత వినబడినప్పుడు, మూడవమారు పరీక్షకు కూర్చున్న ఆ బాలుని, అతనిని వెనుకకు రప్పించిన తల్లిని, ఎదురుచూచి అలసిన ఇల్లాలిని జ్ఞప్తికి తెచ్చుకొని, మీ పుస్తకమును మరల తెరువుడు.